విమానానికీ కావాలి వీసా!

అమెరికాలో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అమ్మ వెళ్లాలి. ఇంట్లో హడావుడి మొదలవుతుంది. పాస్‌పోర్టు, ఫొటోలు, బ్యాంకు కాగితాలు, వీసా ఇంటర్వ్యూ... ఆవకాయ ప్యాకెట్ల కన్నా ముందు కాగితాల సంచీ సర్దుకోవాలి. తీరా వీసా చేతికొచ్చాక 'హమ్మయ్య, గండం గడిచింది' అనుకుంటారు అందరూ.

అయితే ఒక సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ఆ అమ్మను మోసుకెళ్లే విమానానికి కూడా అనుమతి కావాలి! అది దిగే దేశం అనుమతి ఒక్కటే కాదు. దిగకుండా పైనుంచి దాటిపోయే ప్రతి దేశం ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ తిప్పలన్నీ విమాన కంపెనీలే పడతాయి కాబట్టి మనకు తెలియదు. కానీ విమానాలు కొత్తగా సరిహద్దులు దాటుతున్న రోజుల్లో ఒక్కో అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. అందులోనూ విమానం నడిపేది ఆడమనిషి అయితే ఇంకో చిక్కు. 'ఒంటరిగానా? కుదరదు' అనేవారు! ఆ కాగితాల గోడలు దాటిన కొందరు మహిళల కథలివి.

వాకిలి మాది... ఆకాశమూ మాదే!

మన పెరట్లోంచి పక్కింటివాళ్లు అడగకుండా దారి చేసుకుంటే ఊరుకుంటామా? మరి మన ఇంటి మీదుగా ఎగిరిపోతే? వందేళ్ల కిందట దేశాలకు ఎదురైన ప్రశ్న ఇదే.

1909 జులై 25న ఫ్రాన్సుకు చెందిన లూయీ బ్లేరియో ఇంగ్లీష్ చానెల్ మీదుగా ఎగిరి ఇంగ్లండులోని డోవర్ దగ్గర దిగాడు. ఆయన్ని చూసి జనం చప్పట్లు కొట్టారు. కస్టమ్స్ వాళ్లకు మాత్రం తల తిరిగిపోయింది. పడవల్లో వచ్చేవాళ్ల కోసం ఫారాలున్నాయిగానీ గాల్లోంచి ఊడిపడినవాళ్ల కోసం ఏ ఫారమూ లేదు! ఆఖరికి ఆయన విమానాన్ని పడవగా, ఆయన్ని దాని కెప్టెన్‌గా రాసుకుని పని కానిచ్చారు.

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు బాంబులు కురిపించేసరికి అందరికీ భయం పట్టుకుంది. యుద్ధం ముగిశాక 1919 అక్టోబరు 13న పారిస్‌లో ఒక ఒప్పందం కుదిరింది. తన నేల మీదున్న ఆకాశానికి ఆ దేశమే యజమాని అన్నది అందులో మొదటి మాట. కొన్ని ప్రాంతాల మీదుగా అసలు ఎగరొద్దని చెప్పే హక్కూ, విమానంలో కెమెరా ఉండకూడదనే హక్కూ ఆ దేశాలకు దక్కాయి. ఈ ఒప్పందంపై అమెరికా సంతకం చేసిందిగానీ దాన్ని అమల్లోకి తెచ్చుకోలేదు. అందుకే అక్కడివాళ్లు ఎవరు విదేశాలకు ఎగరాలన్నా తమ విదేశాంగ శాఖ ద్వారా ఒక్కో దేశాన్నీ అడగాల్సి వచ్చేది.

అయిదుగురు పిల్లల తల్లి... విమానానికి తాళం!

లేడీ మేరీ బెయిలీ బ్రిటన్‌లోని సంపన్న కుటుంబానికి చెందిన ఇల్లాలు. భర్త సర్ ఏబ్ బెయిలీ దక్షిణాఫ్రికాలో పెద్ద వ్యాపారి. అయిదుగురు పిల్లలు. పిల్లల బండి తోసే పనినుంచి కాస్త తప్పించుకోవడానికే విమానం నేర్చుకున్నానని ఆమె నవ్వుతూ చెప్పేదంటారు. 1928 మార్చిలో, 37 ఏళ్ల వయసులో, ఒక చిన్న మాత్ విమానం వేసుకుని లండన్ నుంచి కేప్‌టౌన్‌కు ఒంటరిగా బయల్దేరింది. పైకప్పు లేని విమానమది. ఎండొచ్చినా, వానొచ్చినా నెత్తిమీదే.

ఐరోపా దాటింది. మధ్యధరా సముద్రమూ దాటింది. కైరోలో దిగాక అసలు అడ్డంకి ఎదురైంది. అక్కడినుంచి ఆమె సూడాన్ మీదుగా దక్షిణానికి వెళ్లాలి. అప్పట్లో సూడాన్ బ్రిటిష్, ఈజిప్టుల ఉమ్మడి ఏలుబడిలో ఉండేది. దాని దక్షిణ భాగంలో పరిస్థితి బాగాలేదనీ, అటువైపు ఆడది ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదనీ అధికారులు తేల్చేశారు. ఆమె ఊరుకునే రకం కాదని తెలిసి విమానాన్ని హ్యాంగర్‌లో పెట్టి తాళం వేశారు!

చూడండి... సముద్రాన్ని ఒంటరిగా దాటొచ్చిన మనిషికి నేల మీద ఎగరడానికి మగతోడు కావాలట!

సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి మరో మహిళ వస్తోంది. ఆమె పేరు లేడీ మేరీ హీత్. ఐర్లండు అమ్మాయి. కేప్‌టౌన్ నుంచి లండన్‌కు ఎగురుతోంది. సామాన్లలో బైబిలూ, తుపాకీతో పాటు టెన్నిస్ రాకెట్లు కూడా పెట్టుకుంది. ఆమెకూ సూడాన్‌లో అదే నిబంధన ఎదురైంది. దక్షిణాఫ్రికా వైమానిక దళానికి చెందిన లెఫ్టినెంట్ బెంట్లీ కొత్తగా పెళ్లి చేసుకుని భార్యతో కలిసి అదే దారిలో విమానంలో వెళ్తున్నాడు. ఆయన ముందు లేడీ హీత్‌కు తోడుగా ఉత్తరానికి వచ్చాడు. తర్వాత వెనక్కి తిరిగి లేడీ బెయిలీకి తోడుగా దక్షిణానికి వెళ్లాడు. కొత్త పెళ్లికూతురి విహారయాత్ర కాస్తా ఇద్దరు ఆడవాళ్లకు కాపలా కాయడంతో గడిచిపోయింది పాపం!

ఇంతా చేస్తే లేడీ బెయిలీకి ప్రమాదం జరిగింది 'ప్రమాదకరం' అన్న సూడాన్‌లో కాదు. దాన్ని క్షేమంగా దాటాక, టాంగన్యీకాలోని టబోరా దగ్గర విమానం దెబ్బతింది. భర్త ఇంకో విమానం పంపించాడు. ఏప్రిల్ 30న కేప్‌టౌన్ చేరింది. వెళ్లినావిడ ఓడెక్కి తిరిగొచ్చిందా అంటే, అదీ లేదు. ఆఫ్రికా పశ్చిమ తీరం వైపునుంచి, బెల్జియం, పోర్చుగల్, ఫ్రాన్సు వలసల మీదుగా మళ్లీ విమానంలోనే బయల్దేరి 1929 జనవరికి ఇల్లు చేరింది. ఇటు లేడీ హీత్ 1928 మే 17నే లండన్‌లో దిగింది. కేప్‌టౌన్ నుంచి ఇంగ్లండుకు అలా ఒంటరిగా ఎగిరొచ్చిన మొదటి మనిషి ఆమేనని పత్రికలన్నీ రాశాయి.

మంత్రిగారి భార్య వచ్చింది... విమానం ఆగింది

1926 డిసెంబరు ఆఖర్లో బ్రిటన్ వైమానిక మంత్రి సర్ శామ్యూల్ హోర్ కొత్త విమానంలో ఇండియాకు బయల్దేరాడు. ఇంగ్లండు-ఇండియా విమానయానం ఎంత సురక్షితమో జనానికి చూపించాలన్నది ఆయన ఉద్దేశం. నేను సురక్షితం అంటే ఎవరు నమ్ముతారు అనుకున్నాడో ఏమో, భార్య లేడీ మాడ్‌నూ వెంటబెట్టుకొచ్చాడు. 1927 జనవరి 8న ఢిల్లీలో దిగారు. వైస్రాయ్ భార్య లేడీ ఇర్విన్ ఆ విమానానికి 'సిటీ ఆఫ్ ఢిల్లీ' అని నామకరణం చేసింది.

మంత్రిగారు వచ్చారు, ఆయన ఇల్లాలు వచ్చింది. ఇక రోజూ విమానాలే అనుకున్నారు. కానీ ఇరాన్... అప్పటి పర్షియా... తన తీరం మీదుగా ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసు నడపడానికి ఒప్పుకోలేదు. దాంతో విమానాలు బస్రా దగ్గరే ఆగిపోయాయి. రెండేళ్లు బతిమాలాక మూడేళ్లపాటు అనుమతి దొరికింది. 1929 మార్చి 30న లండన్-కరాచీ సర్వీసు మొదలైంది.

ఆ ప్రయాణం ఎలా సాగేదో తెలుసా? లండన్ నుంచి స్విట్జర్లండులోని బాసెల్ దాకా విమానం. అక్కడినుంచి ఇటలీలోని జెనోవాకు రైలు! ఎందుకంటే ఫ్రాన్సు సరిహద్దు వైపునుంచి తమ ఆకాశంలోకి రావడానికి ఇటలీ ఒప్పుకోలేదు. జెనోవా నుంచి నీటిమీద దిగే విమానంలో అలెగ్జాండ్రియా. మళ్లీ రైల్లో కైరో. మళ్లీ విమానమెక్కి కరాచీ. మొత్తం ఏడు రోజులు. టికెట్టు 130 పౌండ్లు. 'విమాన ప్రయాణం' అని పేరేగానీ అనుమతులు లేనిచోటల్లా పట్టాలే దిక్కు.

షార్జాకు నెలకు 800 రూపాయలు

1932లో పర్షియా ఇచ్చిన గడువు తీరింది. ఇక తీరం వెంట వద్దు, లోపలి దారిన వెళ్లండి అంది. అది కొండల దారి. కంపెనీకి నచ్చలేదు. గల్ఫ్‌కు అవతలి ఒడ్డున ఎవరైనా చోటిస్తారా అని వెతికారు. ఆఖరికి షార్జా షేక్ సుల్తాన్ బిన్ సఖర్ సరేనన్నాడు. 1932 జులైలో ఒప్పందం రాసుకున్నారు. విమానాలు దిగినందుకు నెలకు 800 రూపాయలు, షేక్‌కు విడిగా నెలకు 500 రూపాయలు. పౌండ్లు కాదు... మన రూపాయలే! అప్పట్లో గల్ఫ్ తీరంలో చెలామణీ అయ్యేది ఇండియా రూపాయే మరి.

ఆ ఏడాది అక్టోబరు 5న ఇసుక నేల మీద తొలి విమానం దిగింది. ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి కోటలాంటి విశ్రాంతి గృహం కట్టారు. ఆ కట్టడం ఇప్పుడు మ్యూజియం. ఆనాటి రన్‌వే ఊరి మధ్యలో పెద్ద రోడ్డయింది.

మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని కుటుంబాలు గల్ఫ్ విమానాల కోసం ఎదురుచూశాయో లెక్కేలేదు. భర్త ఎక్కే విమానం కోసం, కొడుకు దిగే విమానం కోసం, కొన్ని ఇళ్లలో ఇంటి ఆడబిడ్డే ఎక్కివెళ్లిన విమానం కోసం... ఆ దారికి తొలి తలుపు తెరుచుకున్నది ఇలా, ఒక షేక్ పెట్టిన సంతకంతో!

ప్రపంచాన్ని చుట్టాలంటే ఎన్ని కాగితాలో!

అమీలియా ఇయర్‌హార్ట్ పేరు వినని వాళ్లుండరు. 1932లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన తొలి మహిళ. 1937లో భూమధ్యరేఖకు దగ్గరగా ప్రపంచాన్ని చుట్టి రావాలనుకుంది. విమానం సిద్ధం చేసుకోవడం ఒక ఎత్తయితే అనుమతులు సంపాదించడం ఇంకో ఎత్తు.

ఆమె దారిలో వెనిజులా, డచ్చి గయానా, బ్రెజిల్ ఉన్నాయి. ఆఫ్రికాలో ఫ్రెంచి వలసలు, సూడాన్, ఇటలీ చేతిలోని ఎరిత్రియా ఉన్నాయి. తర్వాత బ్రిటిష్ ఇండియా, బర్మా, సయాం, సింగపూర్, డచ్చివారి జావా, ఆస్ట్రేలియా, న్యూగినీ. అందరికీ అమెరికా విదేశాంగ శాఖ ద్వారా అర్జీలు వెళ్లాలి. భర్త జార్జ్ పుట్నమ్ ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో తలమునకలయ్యాడు. పాస్‌పోర్టూ వీసాలే కాదు... టీకాలు వేయించుకున్నట్టు పత్రాలు, ఆరోగ్య పత్రాలు, మీద పోలీసు కేసుల్లేవని కాగితాలు కూడా కొన్ని దేశాలకు చూపించాల్సి వచ్చింది. పెళ్లి సంబంధానికి కూడా అన్ని ఆరాలు తీయరేమో!

ఇంత కష్టపడి అన్నీ కూడగట్టుకుని మార్చిలో పడమటి దిక్కుగా బయల్దేరితే, హవాయిలో పైకి లేస్తుండగా విమానం అదుపుతప్పి దెబ్బతింది. అది బాగయ్యేసరికి రుతువులు మారిపోయాయి. గాలివానల లెక్క చూసుకుని ఈసారి తూర్పు దిక్కుగా వెళ్లాలని నిర్ణయించారు. అంటే తేదీలన్నీ మారాయి. అనుమతుల కోసం మళ్లీ అడగాల్సి వచ్చింది.

జూన్ 1న మయామీ నుంచి నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో బయల్దేరింది. ఎర్రసముద్రం ఒడ్డున అసబ్ నుంచి కరాచీ దాకా ఒకే ఊపున రావాలి. దారిలో అరేబియా ఉంది. అరేబియా నేల మీదుగా ఎగరడానికి లేదు, తీరం వెంటే రావాలి అన్నారు. ఒకవేళ విమానం దిగాల్సి వస్తే అక్కడివాళ్లకు చూపించడానికి అరబిక్‌లో రాసిన ఉత్తరం ఒకటి వెంట ఉంచుకుంది. దాదాపు 3,000 కిలోమీటర్లు, 13 గంటలు. జూన్ 15న కరాచీలో దిగింది. ఎర్రసముద్రం నుంచి ఇండియాకు ఆగకుండా ఎగిరిరావడం అదే మొదటిసారి. కరాచీలో ఆమె సరదాగా ఒంటె కూడా ఎక్కింది. రెండు రోజుల తర్వాత కలకత్తాలో దిగి, వానాకాలపు మబ్బుల్లోంచి బర్మా వైపు సాగిపోయింది.

అన్ని ప్రభుత్వాలూ దారి ఇచ్చాయి. సముద్రం ఇవ్వలేదు. జులై 2న న్యూగినీలోని లే నుంచి పసిఫిక్‌లోని చిన్న హౌలాండ్ దీవికి బయల్దేరిన ఆమె మళ్లీ కనిపించలేదు. ఇంకో మూడు వారాలైతే ఆమెకు 40 ఏళ్లు నిండేవి.

గృహిణి పూర్తిచేసిన ప్రయాణం

1964. అమెరికాలోని కొలంబస్ నగరం. ముగ్గురు పిల్లల తల్లి జెర్రీ మాక్‌కు వంటా వార్పూతో విసుగొచ్చింది. ఎక్కడికైనా వెళ్లాలనుంది అని భర్తతో అంటే 'నీ విమానం వేసుకుని ప్రపంచం చుట్టిరా' అని వేళాకోళమాడాడు. ఆవిడ దాన్ని నిజంగానే పట్టుకుంది!

వాషింగ్టన్‌లోని దౌత్య కార్యాలయాల చుట్టూ తిరిగి అనుమతులు సంపాదించింది. మార్చి 19న ఒక చిన్న సెస్నా విమానంలో ఒంటరిగా బయల్దేరింది. వేసుకున్నది పైలట్ సూటు కాదు, మామూలు స్కర్టు. దిగేముందు ఎత్తు మడమల చెప్పులు!

కాగితం ఎంత ముఖ్యమో ఆమెకు ఈజిప్టులో తెలిసొచ్చింది. కైరో అనుకుని పొరపాటున సైనిక విమానాశ్రయంలో దిగింది. సాయుధులైన సైనికులు చుట్టుముట్టారు. తాను ఎవరో నచ్చజెప్పి బయటపడేసరికి గంటలు గడిచిపోయాయి. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఇంకో తమాషా. ఆడవాళ్లు కారు నడపడానికి వీల్లేని దేశం. విమానంలోంచి స్కర్టు వేసుకున్న ఆవిడ దిగింది. మరి నడిపిన మగవాడేడీ అని ఒకాయన లోపలికి తొంగిచూశాడు. ఎవరూ లేరు! ఆ మాట బయటకొచ్చి చెప్పేసరికి అక్కడున్న మగవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సౌదీలో ఆడవాళ్లకు కారు నడిపే అనుమతి దొరికింది 2018లో!

కరాచీ, ఢిల్లీ, కలకత్తాల మీదుగా సాగి ఏప్రిల్ 17న జెర్రీ మాక్ ఇల్లు చేరింది. ఒంటరిగా విమానంలో ప్రపంచాన్ని చుట్టిన తొలి మహిళ ఆమే. అమీలియా వదిలిపెట్టిన చోటునుంచి అందుకుని ముగించింది ఒక గృహిణి.

ఎనిమిది 'కాదు'లు, ఒక్క 'సరే'

అనుమతి ఇవ్వాల్సింది ఎప్పుడూ ప్రభుత్వాలేనా? విమానం నడిపే లైసెన్సు పొందిన తొలితరం భారతీయ మహిళల్లో సరళా థక్రాల్ ఒకరు. 1936లో, 21 ఏళ్ల వయసులో, చీరకట్టుతోనే కాక్‌పిట్‌లో కూర్చుంది. అప్పటికే ఆమెకు నాలుగేళ్ల పాప. మరో పదేళ్లు దాటాక ప్రేమ్ మాథుర్ వాణిజ్య విమానాలు నడిపే లైసెన్సు సంపాదించి ఉద్యోగం కోసం తిరిగింది. ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆడది నడిపితే జనం ఎక్కరట! చివరికి సరేనన్నది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేసే. బేగంపేట నుంచి విమానాలు నడిపిన ఆ సంస్థలో చేరి, ఆమె దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ అయింది.

కనిపించని గేట్లు ఇప్పటికీ ఉన్నాయి

1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒకే పద్ధతులు, ఒకే నియమాలు వచ్చాయి. 1948 జూన్ 8న ఎయిరిండియా 'మలబార్ ప్రిన్సెస్' 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు ఎగిరింది. అయితే 'నా ఆకాశం నాదే' అన్న మాట మాత్రం మారలేదు.

అందుకే 2019లో పాకిస్థాన్ ఫిబ్రవరి ఆఖరు నుంచి జులై మధ్యదాకా గగనతలం మూసేస్తే మన విమానాలు చుట్టు తిరిగి వెళ్లాయి. 2022లో రష్యా, ఐరోపా దేశాలు ఒకరి విమానాలను ఒకరు రానివ్వలేదు. 2025 ఏప్రిల్‌లో భారత్, పాకిస్థాన్‌లు మళ్లీ తలుపులు వేసుకున్నాయి. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు మధ్యలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. అంటే పురిటికి బయల్దేరిన అమ్మ ఇంకొన్ని గంటలు సీట్లో ముడుచుకు కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులు భరించాలి. అక్కడ కూతురు ఇంకొన్ని గంటలు ఎదురుచూడాలి.

ఈసారి విమానమెక్కినప్పుడు ముందు సీటు వెనకున్న తెరమీద చిన్న బొమ్మ విమానం దేశాలు దాటుతుంటే ఒకసారి చూడండి. ఆ గీత మీద ప్రతి దేశం దగ్గరా ఒక గేటుంది. ఎవరో అడిగితే, ఎవరో తెరిస్తే దాటుతున్నాం. తాళం వేసిన హ్యాంగర్ ముందు నిలబడి కూడా వెనక్కి తిరగని లేడీ బెయిలీ లాంటివాళ్లు గుర్తుకొస్తే... కిటికీలోంచి వాళ్లకో నమస్కారం పెట్టుకోండి!

ఆకాశంలో అయిదు 'స్వేచ్ఛలు'

దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకునే అనుమతులను 'స్వేచ్ఛలు' అంటారు. వాటిలో ముఖ్యమైనవి అయిదు.

మొదటిది: దిగకుండా మీ దేశం మీదుగా ఎగిరిపోవడం. వీధిలోంచి నడిచి వెళ్లిపోయినట్టు.

రెండోది: ఇంధనానికో మరమ్మతుకో దిగడం. ఎవరినీ ఎక్కించకూడదు, దించకూడదు. అరుగుమీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లినట్టు.

మూడోది: మా దేశంలో ఎక్కినవాళ్లను మీ దేశంలో దించడం.

నాలుగోది: మీ దేశంలో ఎక్కినవాళ్లను మా దేశానికి తీసుకురావడం.

అయిదోది: మా దేశం నుంచి బయల్దేరిన విమానంలోనే, మీ దేశంలో ఎక్కినవాళ్లను మరో దేశానికి తీసుకెళ్లడం. దీని దగ్గరే దేశాలు గట్టిగా బేరాలాడతాయి.